తొట్టి అద్దాలది... బరువు టన్నుది

కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్లకి చేప కొత్తేం కాదు. కొరమీను, జెల్ల, ఇంగిలాయి... పిల్లలకి ఈ పేర్లు బడికెళ్లకముందే వచ్చేస్తాయి. కాకపోతే ఆ చేపలన్నీ నేలమీది నీళ్లలో ఈదేవి. ఇప్పుడు నీళ్లే మేడెక్కి హాల్లో అద్దాల తొట్టిలో కూర్చుంటున్నాయి. చూడ్డానికి ముచ్చటే. మరి కిందున్న స్లాబు సంగతేంటి?

ఏలూరులో ఒక ఇంట్లో ఈ ప్రశ్న నెల రోజులు నలిగింది. ఇంటి పెద్దాయన ఒకప్పుడు కొల్లేరులో చేపల చెరువు చేసిన మనిషి. 2006లో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆయన చెరువూ పోయింది. అప్పట్నుంచీ టౌన్లోనే కాపురం. పాత మేడ. కింద ఆయనా, భార్యా... పైన కొడుకూ, కోడలూ, మనవడూ. కొడుకు తాడేపల్లిగూడెంలో స్నేహితుడింట్లో ఆరడుగుల అక్వేరియం చూసొచ్చాడు. అలాంటిదే తమ హాలు మధ్యలో పెట్టాలని పట్టుబట్టాడు. సరిగ్గా ఆ చోటు కిందే తల్లి మంచం!

‘డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది కదా నాన్నా, ఇదెంత?’ అన్నాడు కొడుకు.

‘ఒరేయ్ అబ్బాయ్, అది ఎక్కడ కూర్చుందో చూశావా?’ అన్నాడు తండ్రి.

అసలు కిటుకు అక్కడే ఉంది. పద్ధతిగా కట్టిన ఇంట్లో డాబా మీది ట్యాంకుని గోడల మీదో, పిల్లర్లకి దగ్గరగానో దిమ్మలు కట్టి నిలబెడతారు. దాని బరువు గోడల్లోంచి, పిల్లర్లలోంచి పునాదికి దిగిపోతుంది. హాలు మధ్యలో పెట్టిన తొట్టికి ఆ ఆసరా ఉండదు. బరువంతా ముందు స్లాబు మీదే పడుతుంది.

ఇంతకీ ఎంత బరువు? ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి అంటే 24 ఘనపుటడుగులు. నిండా పోస్తే దాదాపు 680 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు. మందపాటి అద్దాలు, గులకరాళ్లు, స్టాండూ కలిపితే 900 కిలోలకి చేరుతుంది. అంటే ఇంచుమించు టన్ను! మన దేశంలో ఇళ్ల గదుల్ని సాధారణంగా చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన, గదంతా పరుచుకునే బరువు కోసం డిజైన్ చేస్తారు. ఈ తొట్టి అడుగుభాగం చదరపు మీటరుకి కాస్త ఎక్కువ. అంటే ఆ చోట నాలుగు రెట్లు పడుతున్నట్టే. అయితే స్లాబు బరువుని పక్కలకీ పంచుకుంటుంది కాబట్టి పెట్టగానే కూలిపోతుందని కాదు. అలాగని ధీమాగా ఉండడానికీ లేదు.

‘పండక్కి హాల్లో పదిహేనుమంది కూర్చోవట్లేదా?’ అని కోడలు అడిగింది. కూర్చుంటారు. భోంచేసి వెళ్లిపోతారు. తొట్టి వెళ్లదు. రాత్రీ పగలూ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఒకే బరువు కింద కాంక్రీటు మెల్లమెల్లగా వంగుతుంది. పైగా తొట్టి చెమ్మగిల్లి నీళ్లు ఇంకితే లోపలి ఊచలు తుప్పు పడతాయి.

చివరికి ఇంజినీరుని పిలిచారు. ఆయన తొట్టి పెట్టే చోటు కన్నా ముందు కింద గదిలోకెళ్లి పైకప్పు చూశాడు. ఒకచోట పగులు, దాని వెంట తుప్పు చార. ఇంటి ప్లాను కాగితాలు లేవు. లోపల ఊచ ఎంత లావో చెప్పేవాళ్లూ లేరు. ‘పైన వద్దండీ. చిన్నదైనా సరే, ముందు ఈ పగులు సంగతి చూడాలి’ అన్నాడు. స్లాబు బాగున్న ఇంట్లో అయినా ఇంత పెద్ద తొట్టిని లెక్క చూడకుండా పెట్టకూడదట. పెట్టినా బీము మీదుగానో, కింద బరువు మోసే గోడ ఉన్న వైపో పెట్టాలి. బాల్కనీలో మాత్రం వద్దే వద్దు.

పోనీ కింద పెడితే? అక్కడా ఒక చిక్కుంది. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దానిమీద పునాదుల మధ్య నింపిన మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోతే గచ్చు కుంగుతుంది. తొట్టి ఒక పక్కకి ఒరిగితే అద్దం పగలొచ్చు. అందుకే మేస్త్రీ కింద హాల్లో గచ్చు తవ్వి, మట్టి దిమ్మిస కొట్టి, ఇంజినీరు చెప్పిన మందంలో కాంక్రీటు వేశాడు. రసమట్టం పెట్టి చూశాకే స్టాండు నిలబెట్టారు.

ఖర్చు పెరిగిందని కొడుకు కాస్త గొణిగాడు. పెద్దాయన మాత్రం ‘గట్టు చూసుకోకుండా చెరువుకి నీళ్లు పెట్టేవాళ్లమా?’ అన్నాడు. ఇప్పుడు చేపలకి మేత వేసే పని నానమ్మది. మనవడు మేడ దిగివచ్చి ఆవిడ మంచం మీద కూర్చుని చూస్తాడు.