పాటల డిస్కు

మా తల్లిగారు సంగీతము నేర్చినవారు కారు. కాని మా పేటలో నెవరియింట పెండ్లియైనను తలంబ్రాల పాటకును, అప్పగింతల పాటకును ఆమెనే పిలిచెడివారు. 2001వ సంవత్సరమున మా చెల్లెలి పెండ్లిలో, కన్నకూతును అప్పగించుచు ఆమె పాడిన పాటలను మా పెదతండ్రిగారి కుమారుడు టేపురికార్డరు ముందుంచి కాసెట్టులోనికి ఎక్కించెను. రెండేండ్లు గడచిన పిమ్మట ఆ కాసెట్టును దుకాణమున నిచ్చి సీడీగా చేయించితిమి. కాసెట్టు బూజుపట్టి పోయినది. మా తల్లిగారు 2011లో గతించిరి. కావున ఆమె కంఠము ఈ లోకమున మిగిలియున్నది ఆ డిస్కునందు మాత్రమే. మొత్తము 11 పాటలు, 43 నిమిషములు.

ఇన్నేండ్లును దానిని బీరువాలో పట్టుచీరల నడుమ దాచితిమే గాని, మరియొక ప్రతి తీసికొనవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. మన ఆడువారిలో చాలమందికి గల దోషమే యిది. దాచితిమి గనుక కాపాడితిమని తలంచుచుందుము.

మా చెల్లెలి కుమార్తెకు మాఘమాసమున ముహూర్తము నిశ్చయమైనది. చెల్లెలు హైదరాబాదునుండి ఫోను చేసి, "అక్కయ్యా! అప్పగింతలప్పుడు అమ్మమ్మ పాటే వినిపించాలని పిల్ల పట్టుబట్టింది. ఎట్లాగైనా పంపించు" అని అడిగెను. అదెంత పని యని మేము ఒప్పుకొంటిమి. డిస్కునందలి పాటను కంప్యూటరులోనికి ఫైలుగా దించుటను రిప్పింగు అందురు. ఇప్పటి ల్యాప్‌టాపులలో డిస్కు పెట్టు డ్రైవే యుండుట లేదు గాని, మా అబ్బాయి 2012లో కొన్న పెద్ద కంప్యూటరు ఇంకను మాయింట నున్నది. దానికి డ్రైవు గలదు.

డిస్కు పెట్టితిమి. మొదటి పాట సగమువరకు దిగి నిలిచిపోయెను. దిగినంతలోనే పేలాలు వేగినట్లు టపటప చప్పుడు. రెండవ పాట అసలే దిగలేదు. ఈ ప్రోగ్రాము మంచిది కాదు కాబోలునని మరియొకటి తెచ్చి కంప్యూటరులో వేసితిమి. దానితోను కాకపోగా మూడవది, నాలుగవది వేసితిమి. ఒక రోగికి నలుగురు వైద్యుల మందులు ఒకే గ్లాసులో కలిపి పోయుట ఎట్టిదో మేము చేసినదియు నట్టిదే యని అప్పుడు తోచలేదు. ప్రక్కయింటి కుఱ్ఱవాడు వచ్చి, పాత డిస్కులు వ్రాయు ప్రోగ్రామొకటి అడ్డుపడుచున్నది, దానిని తీసివేయుడని చెప్పెను. తీసివేసి కంప్యూటరును మరల తెఱచి చూడగా డ్రైవే కానరాలేదు! పెట్టె ముందర తలుపు తెఱచుకొనుచున్నది, దీపము వెలుగుచున్నది. లోపల మాత్రము అట్టి వస్తువొకటి లేనట్లే కంప్యూటరు నటించుచున్నది.

బాగుచేయు దుకాణమునకు మోసికొనిపోయితిమి. వారు పది నిమిషములు చూచి డ్రైవు చచ్చినదనిరి. డిస్కును వెలుతురునకెత్తి చూచి, అదియు పోయినట్లే యనిరి.

ఆ మాట విన్నప్పటినుండియు మా మనస్సు మనస్సులో లేదు. మొన్న ఇంటికి రంగులు వేయించినపుడు బీరువాలోని సామానంతయు బయట పెట్టించితిమి. ఆ నాలుగు దినములును డిస్కు పెట్టెను మా కోడలు పడమటి కిటికీలో పెట్టినది. ఇండ్లలో వ్రాయించుకొను డిస్కులందు పాటను నిలుపునది ఒక రంగుపొర. దానికి ఎండయు వేడిమియు శత్రువులు. ఈ సంగతి మేమెచ్చటనో చదివియుంటిమి. ఇంకేమి కావలెను? సగము తెలిసిన శాస్త్రమంత చెడ్డ ఆయుధము అత్తగారి చేతికి మరియొకటి లేదు. "అమ్మాయీ, నీవు కిటికీలో పెట్టినది మా అమ్మను" అని యంటిమి. ఆమె మారు పలుకలేదు. రెండు దినములు ఇంటిలో గిన్నెల చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు.

ఆదివారమునాడు ఆమె తనంతట తానే ఆ డిస్కును తీసికొని హాలులోనున్న పాత డీవీడీ ప్లేయరులో పెట్టి టీవీని తిప్పినది. వంటింటిలో పప్పు ఎనుపుచున్న మాకు మా తల్లిగారి గొంతు వినవచ్చినది. చేతిలోని పప్పుగుత్తితోనే పరుగెత్తితిమి.

"డిస్కు బాగానే ఉంది అత్తయ్యగారూ. ఇంకొక డిస్కు, మన సినిమాపాటలది, కంప్యూటరులో పెట్టి చూశాను. అదీ కనబడటం లేదు. అంటే తప్పు దీనిది కాదు" అని యామె చెప్పినది.

ఇంత చిన్న పరీక్ష మాకేల తోచలేదు? అనుమానపు వస్తువును మంచి యంత్రములో పెట్టుట, మంచి వస్తువును అనుమానపు యంత్రములో పెట్టుట. పాలు విఱిగినపుడు దోషము పాలదో గిన్నెదో తెలిసికొనుటకు మనము నిత్యము చేయునదే. కోపముతో నున్నపుడు ఆ తెలివి వంటింటి గడప దాటి రాదు.

తరువాత ఆమె కంప్యూటరు ముందు కూర్చుండి డివైస్ మేనేజరు అను పట్టికను తెఱచినది. డ్రైవు పేరు ప్రక్కన పసుపుపచ్చని గుర్తు, దాని క్రింద "కోడ్ 39" అను సంఖ్య యుండెను. సామాను చెడలేదు, దానిని నడుపు సాఫ్టువేరును విండోస్ ఎక్కించుకొనలేకున్నదని దాని యర్థము. కోడ్ 19 గాని, 31 గాని, 41 గాని కనబడి డిస్కు డ్రైవు మాయమైనప్పుడును తఱచు కారణమిదియే యట.

ఆమె విడమర్చి చెప్పిన తీరు మాకు బాగుగా నచ్చినది గనుక ఇచ్చట వ్రాయుచున్నాము. డిస్కు డ్రైవు ఇంటిలోని యొక గది యనుకొనుడు. డిస్కులు వ్రాయు ప్రోగ్రాములు, పాటల సంగ్రహములను నడుపు ప్రోగ్రాములు, లేని డ్రైవును ఉన్నట్లు చూపు ప్రోగ్రాములు, ఇవి వచ్చునపుడు ఊరక రావు. ఒక్కొక్కటి ఆ గది వాకిట తన కావలివాని నొకని నిలుపును. వీరికి ఫిల్టరు డ్రైవరులని పేరు. లోనికి పోవు ప్రతి యాజ్ఞయు, వెలికి వచ్చు ప్రతి యక్షరమును వీరి చేతులమీదుగానే పోవలెను. నలుగురు యజమానుల కావలివారు ఒక వాకిట చేరినప్పుడు ఒకరినొకరు త్రోసికొందురు. అందుచేతనే మొదట పాట నడుమ నిలిచినది. ప్రోగ్రామును తీసివేసినపుడు కొన్ని తమ కావలివానిని తీసికొనిపోవును గాని వాని పేరును హాజరుపట్టీలో కొట్టివేయవు. విండోస్ ఆ పేరు పిలుచును. పలికెడువాడు లేడు. పలుకలేదు గనుక తలుపు తీయదు.

ఆ హాజరుపట్టీ రిజిస్ట్రీ అను గ్రంథములో నుండును. డిస్కు డ్రైవుల తరగతికి 4డీ36ఈ965 అని మొదలగు పొడుగాటి సంఖ్య పేరు. దానియందు అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అను రెండు పంక్తులుండును. అసలు డ్రైవరునకు పైన నిలుచువారు మొదటి పంక్తిలోను, క్రింద నిలుచువారు రెండవ పంక్తిలోను ఉందురు. ఆ రెండు పంక్తులను తుడిచి, కంప్యూటరును ఆర్పి వెలిగింపవలెను. చేయవలసినది ఇంతమాత్రమే.

కాని ఇచ్చట మేము చేయబోయిన పొరపాటొకటి చెప్పక తప్పదు. ఆ తరగతుల సంఖ్యలు కవలపిల్లలవలె నుండును. కీబోర్డు తరగతి 4డీ36ఈ96బీ, మౌసు తరగతి 4డీ36ఈ96ఎఫ్. కడపటి యక్షరమొక్కటే భేదము. వానియందును అప్పర్‌ఫిల్టర్స్ అను పంక్తియే యున్నది; అచ్చటి కావలివారు అవసరమైనవారు. మేము కళ్లజోడు సవరించుకొని, "ఇదిగో, ఇదే" యని కీబోర్డు తరగతిని చూపితిమి. కోడలు మా చేయి పట్టి ఆపినది. దానిని తుడిచియున్నచో మీటలు నొక్కినను కంప్యూటరునకు తెలియకపోయెడిది. అందుకే మొదట రిజిస్ట్రీకి ఒక ప్రతి తీసి ఉంచినగాని ఆమె దేనిని ముట్టుకొనలేదు. మా పాటల డిస్కు విషయమున మేము ఇరువదియేండ్లకు పైగా చేయని పనిని ఆమె ఒక్క నిమిషములో చేసినది.

కంప్యూటరు మరల లేచినది. డ్రైవు కనబడినది!

ఇట్టి చేష్టలకు లోకమెఱిగిన యుదాహరణ మొకటి గలదు. 2005వ సంవత్సరమున సోనీ బీఎమ్‌జీ సంస్థవారు అమెరికాలో నమ్మిన కొన్ని పాటల సీడీలందు ఎక్స్‌సీపీ యను ప్రోగ్రామును పెట్టిరి. డిస్కును విండోస్ కంప్యూటరులో వాడగోరినవారి యంత్రమున నది దిగి, రిప్పింగును అడ్డగించుటకై వాకిట కూర్చుండి, తన్ను తాను దాచుకొనెడిది. మార్క్ రస్సినోవిచ్ అను నిపుణుడు ఆ అక్టోబరు 31న దానిని బయటపెట్టెను. ఆయన దానిని పెఱికివేయగా డిస్కు డ్రైవే మాయమైనది, మాయింట జరిగినట్లే! నవంబరులో సంస్థవారు ఆ డిస్కులను వెనుకకు తీసికొనిరి. పాట కొన్నవారిని దొంగలుగా తలంచి వారి యింటికే కావలివానిని పంపుట యేమి మర్యాదయో మాకు బోధపడలేదు.

డ్రైవు వచ్చినది గాని పేలాల చప్పుడు పోలేదు. రెండవ చిక్కు ఇది. దీనికి కారణము తెలియవలెనన్న పాటల సీడీ నిర్మాణము కొంచెము తెలియవలెను. అందులో పాట సెకనునకు 44,100 చిన్న కొలతలుగా వ్రాయబడి, సెకనునకు 75 ముక్కలుగా పంచబడి యుండును. కంప్యూటరు ఫైళ్ల డిస్కులో ప్రతి ముక్కకును ఖచ్చితమైన చిరునామా యుండును. పాటల డిస్కులో అంత ఖచ్చితముగా నుండదు. ఏలయన, అది మొదటినుండి చివరివరకు ఏకధారగా వినుటకు చేయబడినది. చదువుచున్న డ్రైవును నడుమ నెవరైన పిలిచి మరియొక చోటికి త్రిప్పినచో, తిరిగి వచ్చునపుడు విడిచినచోటనే సరిగా దిగుట కష్టము. రెండు మూడు కొలతలు తప్పిపోవును, లేదా రెండుమార్లు వచ్చును. చెవికది టప్పుమను చప్పుడు.

మరి నడుమ పిలుచుచున్న దెవరు? డిస్కు పెట్టిన వెంటనే విండోస్‌లో ఆటోప్లే యనునది మేల్కొనును. కోడలు దానిని మొదట మాన్పించినది. కొంత తగ్గెను గాని పూర్తిగా పోలేదు. కంప్యూటరు లేచునప్పుడు తమంతట తాము లేచు ప్రోగ్రాములు మా యంత్రములో 19 యుండెను. వానినన్నిటిని ఆపి చూడగా పాట శుభ్రముగా దిగినది. కాబట్టి దోషి ఆ 19లోనే యున్నాడు. ఒక్కొక్కదానినే పరీక్షింపక, సగమును లేపి చూచి, చెడినచో ఆ సగములో సగము, చెడనిచో రెండవ సగములో సగము, ఇట్లు వెదకినది. ఒక్కొక్కమారు ఆ ముసలి కంప్యూటరు ఆరి వెలుగుటకు ఆఱు నిమిషములు. ఆ లోపల మేము చిక్కుడుకాయలు ఈనెలు తీసితిమి. నాలుగవమారు దొరికినది. మేమే వేసిన రెండవ ప్రోగ్రాము! డిస్కు పెట్టినదే తడవుగా పాటల పేర్లు వెదకుటకు తెర వెనుకనుండి డ్రైవును లాగుచుండెను. దానిని తెచ్చినవారము మేమే గనుక ఎవరిని తిట్టుటకును వీలు లేకపోయినది.

మేము తెచ్చిన నాలుగింటిలో మూడింటిని తీసివేసి ఒక్కటి మాత్రము ఉంచినది. అది జర్మనీ దేశస్థుడు ఆండ్రే వీట్‌హోఫ్ వ్రాసిన ఎగ్జాక్ట్ ఆడియో కాపీ. 1998నుండి ప్రచారములో నున్నది. అది ప్రతి ముక్కను కనీసము రెండుమార్లు చదివి, రెండును సరిపోయినగాని నమ్మదు. సరిపోకున్న మరల మరల చదువును. పది పాటలు గంటలో దిగినవి. తొమ్మిదవదియైన అప్పగింతల పాటకు మాత్రము నలువది నిమిషములు పట్టెను. అచ్చట డిస్కుపై గీతయో, రంగుపొర సన్నగిలుటయో కలదు. తెరమీద ఎఱ్ఱ గుర్తులు వెలుగుచు ఆరుచు నుండగా మేమిద్దరమును మాటాడక చూచుచుంటిమి. కడకు అన్నియు సరిపోయినవి.

అప్పుడు మేము, "అమ్మాయీ, ఆ మాట అనవలసినది కాదు" అని యంటిమి. ఆమె తెరవైపే చూచుచు, "కిటికీలో పెట్టడం నా తప్పే అత్తయ్యగారూ. ఇంకా కొన్నాళ్లు అక్కడే ఉంటే నిజంగానే పోయేది" అనినది. ఆమె పొగడ్తకు లొంగదు, తప్పు దాచదు. మాకు మాత్రము ఆ రాత్రి అన్నము సహించలేదు.

ఫైళ్లకు మూడు ప్రతులు చేసితిమి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి చెల్లెలికి. నాశము లేకుండ కుదించు ఫ్లాక్ అను పద్ధతిలో పదకొండు పాటలును పెన్‌డ్రైవు మూలకు కూడ రాలేదు. డిస్కును నల్లని సంచిలో పెట్టి మరల బీరువాలోనే ఉంచితిమి.

మరునాడు చెల్లెలు ఫోను చేసినది. చాలసేపు మాటాడలేదు. పిదప, "అక్కయ్యా, పాట చివర అమ్మ ఏమన్నదో విన్నావా?" అని యడిగినది. మేము వినలేదు. నలువది నిమిషములు తెరమీది అంకెలనే చూచియుంటిమి గాని పాటను చెవి పెట్టి వినలేదు. కోడలిని పిలిచి ఇద్దరమును కూర్చుండి పెట్టించుకొంటిమి. పాట ముగిసిన పిమ్మట చప్పట్లు, ఎవరిదో ఏడ్పు, గ్లాసు చప్పుడు. ఆ వెనుక మా తల్లిగారు, కొంచెము బొంగురుపోయిన గొంతుతో, "మంచినీళ్లు ముందు పిల్లకియ్యండే, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అనుచున్నారు.