స్టార్టయ్యే ఉంది బాబూ

తెల్లారుజాము నాలుగున్నర. విశాఖ పూర్ణా మార్కెట్ అప్పటికే లేచి, టీ తాగేసి, పనిలో పడిపోయింది. కళాసీలు "పక్క, పక్క" అని అరుస్తూ ఉల్లి బస్తాలు మోసుకుపోతున్నారు. సందు పొడుగునా లగేజీ ఆటోలూ డీజిల్ వ్యాన్లూ దడదడలాడుతూ వరసకట్టాయి. మేనకోడలి పెళ్ళికి కూరగాయలు కొన్నాను. వంకాయలు, బెండకాయలు, రెండు బస్తాల ఉల్లి, అన్నిటికంటే పైన నాలుగు ట్రేల పండు టమాటాలు. లాసన్స్ బే కాలనీ దాకా చేర్చడానికి ఓ తెల్ల వ్యాను కుదిరింది. సరుకు ఎక్కించాక డ్రైవరు పక్కన కూర్చున్నాను. అతను తాపీగా టీ తాగుతున్నాడు.

రెండు నిమిషాలు చూసి, "స్టార్ట్ చెయ్ తమ్ముడూ, ఆలస్యమైపోతోంది" అన్నాను.

"స్టార్టయ్యే ఉంది బాబూ" అన్నాడు.

నమ్మలేదు. అతను టీ కప్పు డాష్‌బోర్డు మీద పెట్టి చూపించాడు. కాగితం కప్పులో సగం టీ. పైన మీగడ తరక. ఆ తరక మీద చిన్న ముడత కూడా లేదు! పక్కన ఆగిన డీజిల్ బండి అద్దాలు గడగడా వణికిపోతున్నాయి. మా బండిలో టీ మాత్రం బావిలో నీళ్ళలా నిలకడగా ఉంది. అప్పుడు కాళ్ళ దగ్గర చూశాను. క్లచ్ పెడలే లేదు. గేర్లు మార్చే పనే లేదు. అతను కాలు అలా ఆనించాడో లేదో, బస్తాల బరువంతా వేసుకుని బండి మెత్తగా కదిలింది. డీజిల్ బండయితే ఆ మొదటి కుదుపుకే పై ట్రేలో టమాటాలు కిందికి దొర్లేవి.

బండి పేరు ఈ-సుప్రో. మహీంద్రా వాళ్ళు 2016లో విడుదల చేసిన కరెంటు వ్యాను. డీజిల్ సుప్రో అంతకు ముందు ఏడాదే వచ్చింది, రెండు సిలిండర్ల 909 సీసీ ఇంజనుతో. అదే ఒంటికి ఇంజను తీసేసి మోటారు పెట్టి, ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మారు. షెడ్డులో ఎవరో మార్చి బిగించిన బండి కాదన్నమాట. సరుకుల వ్యాను ధర అప్పట్లో ఢిల్లీ షోరూములో 8.45 లక్షలు. మోటారు 25 కిలోవాట్లు. మోసే బరువు 600 కిలోలు. గంటకు 60 కిలోమీటర్లు మించదు. ఒకసారి ఛార్జి చేస్తే 115 కిలోమీటర్లు అని కంపెనీ లెక్క. ఈ అంకెలన్నీ తర్వాత ఫోనులో వెతుక్కున్నవి. బండిలో ఉన్నంతసేపూ నేను వింటూనే ఉన్నాను. జగదాంబ దాటేదాకా ఏమేం విన్నానో తెలుసా? గుడి గంట, పాల ప్యాకెట్లవాడి సైకిలు బెల్లు, వెనక బస్తాలో ఉల్లిపాయలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్న చప్పుడు. ఇన్నేళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నా ఇవేవీ నా చెవిన పడలేదు.

సిరిపురం ఎక్కాం, పాండురంగాపురం డౌన్‌లో బీచ్ రోడ్డుకి దిగాం. ఆ దిగుడులో అతను కాలు తీసేశాడు. బ్రేకు తొక్కలేదు, అయినా వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. "ఇప్పుడు బేటరీకి కరెంటు ఎల్తంది బాబూ. ఎక్కినప్పుడు తిన్నదాంట్లో కొంచెం దిగినప్పుడు ఇచ్చేస్తది" అన్నాడు. ఎదురుగా సముద్రం మీద తెల్లవారుతోంది. నాకు ఒళ్ళు పులకరించింది.

ఇంటికి రాగానే నాన్నకి చెప్పాను. ఆయన స్టీల్ ప్లాంటులో మోటార్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. "ఏ మోటారురా అది?" అని అడిగారు. త్రీఫేజు ఇండక్షన్ మోటారు అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, మన పిండిమరలో తిరిగేది అదేరా!"

ఆ తర్వాత గంటసేపు పాఠమే. బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు. మధ్యలో ఉన్న కంట్రోలరు దాన్ని త్రీఫేజు ఏసీగా మారుస్తుంది. మోటారు బయటి చుట్టల్లో అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంటే, లోపలి రోటరు దాన్ని పట్టుకోవాలని వెంటపడుతుంది. ఒకదాన్నొకటి రాసుకునే బ్రష్షులు లేవు కాబట్టి అరిగేది తక్కువ. పల్లంలో చక్రాలు తోసి రోటరు ఆ క్షేత్రాన్ని దాటి పరిగెత్తితే, అదే మోటారు జనరేటరయిపోతుంది. పాండురంగాపురం డౌన్‌లో నన్ను వెనక్కి పట్టుకున్నది అదే. పిండిమరకి చక్రాలు కట్టి ఊళ్ళోకి వదిలారని నాన్న అంటుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇలాంటి ప్రయత్నం అమెరికాలో 1990ల మొదట్లోనే జరిగింది. క్రైస్లర్ కంపెనీ తన పెట్రోలు మినీవ్యానుకి కరెంటు జోడీగా టీఈవ్యాన్ అని ఒకటి కట్టింది. అందులో డీసీ మోటారు. బ్యాటరీల్లో ఒక రకం నికెల్-ఇనుముది, అంటే ఎడిసన్ నాటి సంగతి. వెల లక్ష డాలర్ల పైమాట. కొన్నది ఎక్కువగా కరెంటు కంపెనీలే. యాభై పైచిలుకు బళ్ళతో ఆ కథ ఆగింది. మన దగ్గర మహీంద్రా వాళ్ళు 1999లో బిజ్లీ అనే మూడు చక్రాల బండితో మొదలుపెట్టారు. బెంగళూరు రేవా కంపెనీని 2010లో కలుపుకున్నారు. అక్కడి చిన్న కార్లలో ఆరితేరిన విద్యే ఈ వ్యానులోకి వచ్చింది.

115 కిలోమీటర్లేనా, 60 స్పీడేనా అని పెదవి విరిచేవాళ్ళుంటారు. వాళ్ళు ఒక్కసారి పూర్ణా మార్కెట్ వ్యాను వెంట తిరగాలి. మార్కెట్ నుంచి హోటళ్ళకి, హాస్టళ్ళకి, మళ్ళీ మార్కెట్‌కి. రోజంతా తిరిగినా యాభై అరవై కిలోమీటర్లు దాటదని ఆ డ్రైవరే చెప్పాడు. తెలిసిన దారి, తెలిసిన బరువు, రాత్రికి ఇంటి దగ్గరే నిద్ర. గీజరు ప్లగ్గులో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నిండిపోతుందట. నిండా ఎక్కడానికి పదిహేను పదహారు యూనిట్లు. లీటరు డీజిలు వందకి దగ్గర పడుతున్న రోజుల్లో ఆ లెక్క అతను వేళ్ళ మీద వేసి చూపిస్తుంటే కళ్ళలో గర్వం కనిపించింది. కరెంటు బండి ముందుగా కారు రూపంలో షోరూములోకి రావాలని ఎవరన్నారు? ముందు కూరగాయల వ్యానుగానే రావాల్సింది. మొయ్యాల్సిన బరువు, ఆగి ఆగి పోవాల్సిన ఇరుకు సందులు, పొగ పీలుస్తూ పనిచేసే మనుషులు ఉన్నది అక్కడే కదా! ఆ వరసలోని బళ్ళన్నీ ఇలా నిశ్శబ్దంగా నిలబడిన పొద్దుని ఊహించుకుంటున్నాను. కళాసీ "పక్క" అని అరవనక్కర్లేదు, మామూలుగా చెబితే చాలు.

కరెంటు మాత్రం ఊరికే వస్తోందా అన్నారు నాన్న. నిజమే, పరవాడ దగ్గర సింహాద్రి కరెంటు ప్లాంటులో మండుతున్నది బొగ్గే. కానీ ఆ పొగ ఎత్తైన గొట్టం మీదుగా పోతుంది, బస్తా మోసేవాడి ముక్కు కింద కాదు. పైగా ఆ కరెంటు రేపు ఎండ నుంచి వచ్చినా ఈ మోటారుకి ఒకటే. డీజిల్ ఇంజనుకి ఆ వీలెక్కడిది?

ఆదివారం నాన్నని తీసుకుని మళ్ళీ వెళ్తున్నాను. కొనాల్సిన కూరగాయలేమీ లేవు. డ్రైవరుకి ఫోను చేస్తే, "నాలుగున్నరకల్లా దుర్గాలమ్మ గుడి దగ్గరుంటాను, వచ్చీండి" అన్నాడు. నాన్న అప్పుడే టార్చిలైటులో కొత్త సెల్లు వేసుకున్నారు, బండి కిందికి వంగి మోటారు చూడాలట.