తెరమీది మట్టికి ఆరు కోర్లు

డిజిటల్ శిల్పం నేర్చుకునే పిల్లలు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి కొటేషన్ రాయించుకొస్తుంటారు. వాళ్లు ఆ కాగితం చూపిస్తే నా కళ్లు ముందు ప్రాసెసర్ వరస మీదికే పోతాయి. 16 కోర్లదో 24 కోర్లదో పేరు అక్కడ ఉంటుంది. ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు చాలక 8 జీబీ. పెన్ టాబ్లెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చంటారు. ఆ డబ్బు ఎక్కువసార్లు అమ్మ చిట్టీ ఎత్తో నాన్న పీఎఫ్ తీసో ఇచ్చినది. అందుకే ఈ విషయంలో నాకింత పట్టింపు.

జీబ్రష్‌లోనో బ్లెండర్‌లోనో ఒక ముఖం చెక్కుతున్నామనుకోండి. 6 వేల పాలిగన్ల తలతో మొదలుపెడతాం. సబ్‌డివైడ్ చేసిన ప్రతిసారీ ఒక్కోటీ నాలుగవుతుంది. 24 వేలు, 96 వేలు, 3.84 లక్షలు, 15.36 లక్షలు, ఐదోసారికి 61.44 లక్షలు. కనురెప్ప మీది సన్నటి ముడత, పెదవి మీది గీత రావాలంటే అంత దట్టంగా ఉండాల్సిందే. ఇప్పుడు చెంప మీద పెన్ను ఆనించి లాగితే, బ్రష్ వలయం కిందికొచ్చిన బిందువులన్నిటినీ ప్రాసెసర్ వెతికి పట్టుకోవాలి. పెన్ను మీద ఒత్తిడి ఎంతో చూసి, నడిమి వాటిని ఎక్కువగా, అంచు వాటిని తక్కువగా లేపాలి. ఆ చెంప ఇప్పుడు ఎటు తిరిగి ఉందో, వెలుతురు ఎలా పడుతుందో మళ్లీ లెక్క కట్టాలి. ఇదంతా సెకనులో అరవయ్యో వంతులో పూర్తయితే వేలి కింద మెత్తటి బంకమట్టి ఉన్నట్టే ఉంటుంది. ఆలస్యమైతే చెయ్యి ముందు పోతుంది, గీత వెనక వస్తుంది. కంటికీ చేతికీ లంకె తెగితే ఎంత నేర్పున్నా పని సాగదు.

ఈ పనిలో కోర్లు పంచుకోగలిగినది కొంత, పంచుకోలేనిది కొంత. బ్రష్ వేసిన ఒక ముద్ర కింది వేల బిందువులను కోర్లు తలా కాసిని తీసుకుంటాయి. రెండో ముద్ర మాత్రం మొదటి ముద్ర మార్చిన చెంప మీదే పడాలి కాబట్టి అది ముగిసేదాకా ఆగక తప్పదు. పంచుకోలేని వాటాయే వేగానికి హద్దు అని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పారు. ఆ వాటా 30 శాతం అనుకుని లెక్క వేసి చూడండి. ఒక్క కోరుతో పోలిస్తే 6 కోర్లతో పని 2.4 రెట్లు వేగంగా సాగుతుంది. 16 కోర్లు పెట్టినా 2.9 రెట్లే. అదే ఒక్కో కోరు చురుకైనదైతే పంచుకునే పనీ, పంచుకోలేని పనీ రెండూ త్వరగా తెములుతాయి. బ్లెండర్‌లో డైన్‌టోపో (చెక్కుతుండగానే బ్రష్ కింది పాలిగన్లను మార్చే పద్ధతి) పెట్టుకుని చెక్కేవాళ్లకి ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది.

కాబట్టి నా సలహా సూటిగానే ఉంటుంది. 2022లో వచ్చిన ఇంటెల్ ఐ5 12400, ఏఎండీ రైజెన్ 5 5600 రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లు, 4.4 గిగాహెర్ట్జ్ దాకా పోయేవే. పెట్టెలోనే కూలర్ వస్తుంది. చెయ్యి బిగువుగా ఉంటే వీటిలో బోర్డుతో కలిపి ఏది చవగ్గా వస్తే అది తీసుకోండి. కాస్త వెసులుబాటుంటే 2023లో వచ్చిన రైజెన్ 5 7600 మేలు. దానికీ 6 కోర్లే, వేగం మాత్రం 5.1 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. దాని ఏఎం5 బోర్డులోనే మున్ముందు ఇంకా కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చు.

పేరు చివరి అక్షరం కూడా చూసుకోవాలి. 12400లో, 7600లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. 12400ఎఫ్‌లో, రైజెన్ 5 5600లో ఉండదు. జీబ్రష్ చెక్కే పనంతా ప్రాసెసర్ మీదే నడిపిస్తుంది కనుక, అది ఒక్కటే నేర్చుకునేవాళ్లు 12400తోనో 7600తోనో గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు. బ్లెండర్ తెరమీద చూపించే పనికి గ్రాఫిక్స్ కార్డును వాడుకుంటుంది. దానికి ఓ మోస్తరు కార్డు ఉంటే మంచిది.

మన ఎండల్నీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బెజవాడలో ఏసీ లేని గదిలో పెద్ద ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దాన్ని చల్లగా ఉంచాలంటే పెద్ద కూలర్, పెద్ద పవర్ సప్లై, గట్టి బోర్డు కావాలి. బిల్లు అక్కడే పెరుగుతుంది. లాప్‌టాప్ కొనేవాళ్లకైతే ఈ బెడద ఇంకా ఎక్కువ.

ఎక్కువ కోర్ల అవసరం నిజంగా ఉన్న పనులూ ఉన్నాయి. ప్రాసెసర్ మీద గంటల తరబడి రెండర్ చేసేవాళ్లకి, నీళ్లూ పొగా సిమ్యులేట్ చేసేవాళ్లకి ప్రతి కోరూ పనికొస్తుంది. హైదరాబాద్ వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలు వాటికి డబ్బు పెడతాయంటే అర్థం ఉంది. బొమ్మ చెక్కే బల్ల మీద ఆ అవసరం రాదు.

ప్రాసెసర్ దగ్గర మిగిలిన డబ్బుని ముందు ర్యామ్ మీద పెట్టండి. 32 జీబీని ఒకే స్టిక్కుగా కాక 16 చొప్పున రెండు తీసుకుంటే ప్రాసెసర్‌కి సమాచారం అందే దారి రెండింతలవుతుంది. తర్వాత ఒత్తిడి తెలిసే పెన్ టాబ్లెట్ కొనండి, ఎందుకంటే మౌస్‌తో శిల్పం రాదు. వేగమైన ఆరు కోర్లు, 32 జీబీ ర్యామ్, మంచి పెన్ను ఉంటే నేర్చుకునేవాళ్లకి ఏ లోటూ ఉండదు. అంతకు మించి అప్పు చేయకండి.