అడవి దాచదు, బావా

విస్సన్నపేట,
మే 12.

ప్రియమైన బావకి,

వారం వారం ఫోన్లో నీ గొంతు వింటూనే ఉన్నా, ఈ సంగతి మాత్రం కాగితం మీద పెట్టాలనిపించింది. ఎప్పుడో నీకు చెప్పిన ఒక మాట తప్పని మొన్ననే తెలిసింది. దాన్ని దిద్దుకోవడానికే ఈ ఉత్తరం.

నువ్వు కెనడాలో వినిపెగ్ చేరిన మొదటి వేసవి గుర్తుందా? 2019 జూలై. మీ రాష్ట్రంలోనే ఉత్తరాన గిల్లమ్ అనే ఊరి దగ్గర హంతకుల కోసం గాలింపు జరుగుతోందని రోజూ చెప్పేవాడివి. పక్క రాష్ట్రాలు దాటి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా లేనివాళ్ళు. బ్రిటిష్ కొలంబియాలో ముగ్గురి ప్రాణాలు తీశారన్న ఆరోపణ. కాలిపోయిన వాళ్ళ బండి గిల్లమ్ దగ్గర దొరికింది. అటు అంతా బురదనేల, చెట్లు, దోమలు, ఊరికి ఒకటే రోడ్డు. సైన్యం విమానాలు, డ్రోన్లు, కుక్కలు 11 వేల చదరపు కిలోమీటర్లకు పైగా జల్లెడ పట్టినా దొరకలేదు. "ఇంతమంది వెతికినా దొరకరేంట్రా!" అని నువ్వు ఆశ్చర్యపోతే, నేను తేలిగ్గా అనేశాను: "మన సీతారామరాజుని తెల్లవాళ్ళు ఎన్నాళ్ళకి పట్టుకున్నారు? అడవి దాచేస్తుంది బావా" అని.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మే 7న రాజు వర్ధంతి కదా, ఈసారి వెళ్ళాను. మామిడికాయ కోతలు సగంలో ఉన్నా తోట తమ్ముడికి అప్పజెప్పి ఏలూరులో రైలెక్కి, నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగి, కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు దాకా పోయాను. 1974లో మనిద్దరం ఒకే సైకిలు మీద పోయి కృష్ణ సినిమా చూసొచ్చి, తోటలో వెదురుకర్రలు పట్టుకుని రాజులమైపోయామే, ఆ కొండలు ఇవేనని కళ్ళారా చూశాను. 2022 ఏప్రిల్ 4న మన ఎన్టీఆర్ జిల్లా, వాళ్ళ అల్లూరి జిల్లా ఒకేరోజు పుట్టాయి. ఆ కొండల మీద అదో చుట్టరికంలా అనిపించింది.

అక్కడ నిలబడితే గాని తెలియలేదు. ఆ అడవి దట్టమైనదే, కాదనను. కానీ ఘాటు రోడ్డు మలుపు తిరిగితే చాలు, ఎవరో ఒకరు కనిపిస్తారు. కొండకి పది ఇళ్ళ గూడెం, పోడు చెలక, వాగు దగ్గర బిందె. ఇన్ని కళ్ళున్న చోట ఒక మనిషి దాక్కోవాలంటే ఆ కళ్ళన్నీ కలిసి దాచాలి.

లెక్క చూడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద రాజు దాడి. 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు తీసుకుని, ఏమేం తీసుకున్నాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు కూలాక సర్కారు గాలింపు ముదిరింది. మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్. వాళ్ళకి దారి తెలియదు, భాష తెలియదు, మన్యం జ్వరం మాత్రం బాగా తెలిసొచ్చింది. 1923 ఏప్రిల్లో రాజు ఏకంగా అన్నవరం వచ్చి, కొండెక్కి సత్యనారాయణస్వామిని దర్శించుకుని మళ్ళీ అడవిలోకి వెళ్ళిపోయాడు. అన్నవరం అడవి కాదు బావా, రైల్వేస్టేషనున్న ఊరు. అక్కడ ఆయన్ని దాచింది ఏ చెట్లు?

రాజు తల మీద 10 వేల రూపాయలు పెట్టారు. అదే కొండల్లో, నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు రోజు కూలి ఆరణాలని చెప్పి రెండణాలు చేతిలో పెట్టేవాడట. ఆ రెండణాల చొప్పున లెక్కేస్తే 10 వేలంటే 80 వేల రోజుల కూలి, అంటే 219 ఏళ్ళు. ఏడు తరాలు గొడ్డలి పట్టక్కర్లేని సొమ్ము. గూడెంలో ఒక్కరు చెయ్యి చూపిస్తే చాలు. అయినా 20 నెలలకు పైగా ఆయన్ని కాచుకున్నారు. 1882 అడవి చట్టం పోడు లాక్కుంది, వెట్టి నడుం విరిచింది. తమ కష్టం తెలిసినవాడికి తమ అంబలిలో వాటా పెట్టారు.

దొరలకి చివరికి తెలిసింది ఇదే. స్పెషల్ కమిషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డ్ అడవిని వెతకడం కన్నా ఊళ్ళని బెదిరించడం దగ్గర దారి అనుకున్నాడు. కృష్ణదేవిపేటలో జనాన్ని కూడగట్టి, వారంలో రాజు జాడ చెప్పకపోతే కాల్చేస్తానన్నాడని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది విని రాజే మంప ముఠాదారు ఇంటికి వెళ్ళి, నన్నప్పగించి బహుమానం తీసుకో అన్నాడనీ, ఆ ముఠాదారు చేతులు జోడించి ఒప్పుకోలేదనీ కూడా చెబుతారు. ఆ రాత్రి జరిగింది అదో కాదో గాని, నూరేళ్ళుగా ఆ కొండలు దాచుకున్న కథ మాత్రం అది. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడ్డాడు, కొయ్యూరులో గుడాల్ అనే దొర మనుషులు కాల్చేశారు. తప్పించుకోబోయాడని సర్కారు రాసుకుంది. 27 ఏళ్ళు కూడా నిండలేదు. పట్టుబడ్డ రాజు అనుచరుడు గాం మల్లుదొరకి మొదట ఉరిశిక్ష వేశారు, తర్వాత అండమాన్ పంపారు. అదే మల్లుదొర 1952లో లోక్‌సభకి గెలిచాడు.

ఇప్పుడు మీ గిల్లమ్ సంగతి. ఆగస్టు 7న ఆ ఇద్దరి శవాలూ నెల్సన్ నది ఒడ్డున, కాలిన బండికి 8 కిలోమీటర్ల దూరంలో దొరికాయి. పోలీసులు పట్టుకోకముందే వాళ్ళ తుపాకీలే వాళ్ళని తిన్నాయి. వాళ్ళ పాపానికీ రాజు పోరుకీ పోలిక లేదు, పెట్టను. కానీ మన్యం కంటే లోతైన అడవి వాళ్ళని రెండు వారాలైనా కాపాడలేకపోయింది. తలుపు తీసి గుక్కెడు నీళ్ళిచ్చే మనిషి వాళ్ళకి లేడు. అందుకే అంటున్నాను, అడవి ఎవర్నీ దాచదు బావా. మనుషులే దాస్తారు.

తిరిగొస్తూ బస్సులో మా నాయనమ్మ గుర్తొచ్చింది. రజాకార్ల కాలంలో నైజాం సరిహద్దు దాటి మన తిరువూరు తాలూకాలోకి రాత్రిళ్ళు జనం పారిపోయి వచ్చేవాళ్ళని చెప్పేది. ఎసట్లో ఇంకో మానెడు బియ్యం పోసేదాన్నిరా, అనేది. ఎవరు వాళ్ళు అని నేనడిగితే, "ఆకలిగా ఉన్నోడి పేరు అడగకూడదు" అని కసిరేది. పోయేదాకా ఒక్క పేరు చెప్పలేదు.

అత్తయ్య పోయాక ఆ మంచులో పగలంతా ఒక్కడివే ఉంటున్నావు. కొడుకు ఆఫీసులో ఉంటాడంటున్నావు. అందుకే అడుగుతున్నా. పక్కింటివాళ్ళు నీకు తెలుసా? నీ తలుపు ఎవరైనా కొడతారా? లేకపోతే నువ్వే వెళ్ళి కొట్టు. చేతిలో మన మామిడి తాండ్ర ఉంటే ఏ భాషా అక్కర్లేదు. ఈ ఉత్తరంతోపాటు రెండు కిలోలు పంపుతున్నాను, ఒకటి వాళ్ళకి.

నీ రాక కోసం చూసే
నీ నేస్తం