మామిడితోటలో తెరచాప పడవలు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తూ పక్కదారి పడితే పూల పాలీహౌస్‌లు, వాటి వెనక ఒక మామిడితోట. నేను చూడవచ్చిన పడవలు ఆ తోటలోని రేకుల షెడ్డులో ఉన్నాయి: రెండు లేజర్లు, పిల్లలు నడిపే ఆప్టిమిస్టు ఒకటి. సైన్యంలో చేసి రిటైరైన పెద్దాయన వానాకాలమంతా వీటిని హుస్సేన్‌సాగర్‌లో నడిపించి, దసరా వెళ్లాక ట్రైలర్ మీద ఇక్కడికి తెచ్చి పెట్టుకుంటారు. గండిపేట, హిమాయత్‌సాగర్ కూతవేటు దూరంలోనే ఉన్నా, 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండూ నగరానికి తాగునీళ్లిచ్చిన జలాశయాలు. పందేలు హుస్సేన్‌సాగర్‌లోనే.

చలిదేశాల్లో నీళ్లు గడ్డకడతాయని పడవను గట్టెక్కిస్తారు. మన దగ్గర లెక్క వేరు. నైరుతి రుతుపవనాలు తెచ్చే పడమటి గాలే ఇక్కడ తెరచాపకు బలం. హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను వానల్లో పెట్టేది అందుకే. చలికాలానికి గాలి పలచబడుతుంది. మంచు భయం లేదు కదా అని పడవను ఏ గోడకో ఆనించి వదిలేసేవాళ్లు చాలామంది. నాకు బాధ కలిగించేది అదే. మన ఎండ మంచుకన్నా మంచిదేమీ కాదు, మెల్లగా తినేస్తుందంతే.

లేజర్ 4.2 మీటర్ల ఫైబర్‌గ్లాస్ పడవ, లోపలంతా డొల్ల. వెనక అడుగున ఒక చిన్న బిరడా ఉంటుంది. తోట చూసుకునే పెద్దమనిషి ముందుగా దాన్నే తిప్పి తీసి చూపించాడు.

"గీ బిరడా బిగించి పెడితె లోపలి గాలి ఎండకు ఉబ్బుతదన్నా. అతుకులు ఇడుస్తయి" అన్నాడు.

పడవ ముందుభాగాన్ని కాస్త ఎత్తి, వెనకభాగాన్ని దించి ఉంచారు, లోపల మిగిలిన తడి ఆ కన్నంలోంచే కారిపోవాలని. దాని బరువు పొట్ట మీద కాకుండా రెండు పక్కల అంచుల మీద పడేలా వెడల్పాటి పట్టీలు కట్టారు. ఒక్కచోట బరువు ఆనితే నెలల తరబడి అక్కడే నొక్కుకుపోయి అడుగు సొట్టపడుతుంది. సొట్టపడిన అడుగు నీళ్లలో వేగం అందుకోదు.

పైన నీలం టార్పాలిన్ కనబడలేదు. దాని కింద చెమ్మ చిక్కుకుంటుందట, మడతల్లో వాననీళ్లు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయట. చుట్టుపక్కల పూలతోటల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్టే రెండు పొరలుగా వేశారు. ఎండ ఆగుతుంది, గాలి ఆడుతుంది. ఈ ఊళ్లో చవగ్గా దొరికే వస్తువుతో ఇంత మంచి పని జరగడం నాకు ఎంతో నచ్చింది. తెరచాపను నిలబెట్టే అల్యూమినియం కొయ్యల చివర్లలో గుడ్డ కుక్కారు, కందిరీగలు మట్టిగూడు కట్టకుండా. తాళ్లు ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడుతున్నాయి. తెరచాపను మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి చాపచుట్టలా చుట్టారు. మడతపెడితే ఆ గీతల వెంబడే బట్ట బిగువు చస్తుంది.

చివరగా పెద్దాయన ఒక చెంబుతో నీళ్లు తెమ్మన్నారు. కొయ్యను నిలబెట్టే గుంటలో అంచుదాకా పోసి, మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టారు. కాసేపు మాటల్లో పడ్డాం. మొదటి పడవలో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. రెండోదాంట్లో వేలెడు దిగాయి. గుంట అడుగున పగులుందన్నమాట. గాలి గట్టిగా కొట్టినప్పుడు కొయ్య మీద పడే బలమంతా ఆ గుంటే మోయాలి. పగులును పట్టించుకోకుండా వదిలేస్తే చెరువు నడుమ కొయ్య డెక్కును చీల్చుకుని ఊడి రావచ్చు.

"ఇది నీళ్లమీద దొరికే జబ్బు కాదు, గట్టుమీదే దొరకాలి" అన్నారాయన. ముందు లోపలి తడి పూర్తిగా ఆరాలి, ఆ తర్వాతే రెజిన్, గ్లాసుబట్ట పడతాయి. తడిమీద వేస్తే పట్టదు. సంక్రాంతి వెళ్లేసరికి ఆరుతుందని అంచనా వేసుకుని, ఆ పడవకు ఇంకో రెండు మూతలు తీయించి గాలి తగిలే వైపుకు జరిపించారు.