పాట కూడు పెడతాదా?



విజయనగరం అంటే మన ఉత్తరాంధ్ర రైతులకి ఆసుపత్రి పని, కోర్టు పని, లేకపోతే మోటారు సామాన్లు. పని అయిపోగానే బస్సెక్కేస్తాం. మొన్న నారుమడి పోసేశాక నాట్లకి పది రోజులు టైముంటే నేనూ పని మీదే వెళ్ళాను. కానీ ఈసారి ఆటో ఎక్కకుండా పాత ఊరంతా నడిచి చూశాను.

స్టేషన్ దగ్గర పైడితల్లి అమ్మవారి వనంగుడిలో దండం పెట్టుకుని, ఊళ్ళోకి నడిచి మూడు లాంతర్ల దగ్గర చదురుగుడికి వచ్చాను. దసరా తర్వాత మంగళవారం సిరిమాను తిరిగేది ఈ గుడికీ కోటకీ మధ్యే. సిరిమానుకి తగ్గ చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టు ఏ రైతు గట్టు మీదో పెరిగినదే అయ్యుంటుంది. అంత జనం దండం పెట్టేది మన గట్టు మీది మానుకి అన్నమాట.

గంటస్తంభం దగ్గర బజారు చూసి, కోటకి వచ్చాను. 1713 నాటి కోట. లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. నా అసలు పని కోట దగ్గరే ఉన్న మహారాజా సంగీత కళాశాలలో.

మా తమ్ముడి కూతురికి ఇంటర్ అయింది. పాట నేర్చుకుంటానంటోంది. వాడికున్నది రెండెకరాలు. "పాట కూడు పెడతాదా అన్నియ్యా? నువ్వే ఓసారి సూసి రా" అన్నాడు. ఆ భయం మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కళాశాల 1919లో విజయరామ గజపతి మహారాజు పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామినాయుడు గారు వచ్చారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. గాయని సుశీల గారిది ఈ ఊరే, చదివింది ఈ కళాశాలలోనే.

లోపల ఒక గదిలో సరళీ స్వరాలు, ఇంకో గదిలో వీణ. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేది పనస కర్రతోనే కదా, ఆగి విన్నాను. ఇంకో పక్క డోలు మోగుతోంది. మన పెళ్ళిళ్ళలో పందిరి పక్కన నిలబెట్టి వాయించమంటామే, ఆ డోలుకీ సన్నాయికీ ఇక్కడ పాఠం ఉంది, పరీక్ష ఉంది. వివరాల కాగితం అడిగి తీసుకున్నాను.

బయట టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన పలకరించాడు. "ఏ ఊరు బావూ? పిల్లల్ని సేర్చడానికేటి?" అన్నాడు. విషయం చెప్పాను. "గంటసాల జోలె కట్టింది ఈ ఈదుల్లోనే తెలుసా?" అన్నాడు.

ఘంటసాల గారిది కృష్ణా జిల్లా. తండ్రి చిన్నతనంలోనే పోయారు. సంగీతం కోసం ఇక్కడికి వచ్చి మధుకరం చేసుకుని చదివారు. మధుకరం అంటే జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకోవడం. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా ఆయనకి పాఠం చెప్పారు.

ఆ మాట మనసులో పెట్టుకునే పెద్దచెరువు గట్టు దాకా నడిచాను. ఆ రోజు జోలెలో ముద్ద వేసిన ఇల్లాలికి ఈ కుర్రాడు ఇంతవాడవుతాడని తెలీదు. ఆ బియ్యం పండించిన రైతుకి అసలే తెలీదు. పాట కూడు పెడతాదా అని మనం అడుగుతున్నాం. ఇక్కడ ముందు కూడే పాటని నిలబెట్టింది. ఆ పాట తరవాత ఎంతమందికి కూడు పెట్టిందో లెక్కే లేదు.

మా తమ్ముడికి నేను చెప్పింది ఇదే. కొబ్బరి మొక్క వేసి కాయ కోసం ఏళ్ళు ఆగుతాం కదా, పిల్ల దగ్గర మాత్రం మొదటి ఏడే దిగుబడి అడిగితే ఎలా? ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పలేను. మన వరికి మాత్రం ఏ గ్యారంటీ ఉంది? చదివినన్నాళ్ళు ఏడాదికి రెండు బస్తాల బియ్యం నేనిస్తానన్నాను. వాడు ఆలోచిస్తున్నాడు.

మీతో ఒక మాట. మన ఊళ్ళల్లో సంబరానికి డీజే పెట్టడానికి అడిగినంత చందా ఇచ్చేస్తున్నాం. సన్నాయి మేళం వాళ్ళ దగ్గర వంద రూపాయలకి బేరం ఆడుతున్నాం. వాళ్ళ పిల్లలు ఇంక అది నేర్చుకోరు. మీ ఊళ్ళో డోలో, సన్నాయో, హరికథో నేర్చుకునే పిల్లలుంటే కుప్పలు నూర్చినప్పుడు ఒక కుంచం గింజలు వాళ్ళ పేరు మీద పక్కన పెట్టండి. కళ్ళంలో పది మందికి పెట్టడం మనకి కొత్త కాదు కదా.