లాగితే ఏమీ జరగని లీవర్

మా ఇంట్లో ఒక తుపాకీ ఉంది. కంగారు పడకండి, తీర్థాల్లో బూరలు పేల్చే గాలి తుపాకీ. కాకపోతే మీరు చూసినవాటిలా ఉండదు. ట్రిగ్గర్ కింద ఇనుప చుట్టు ఒకటి ఉంటుంది. కౌబాయ్ సినిమాల్లో హీరో కిందకీ పైకీ ఆడించి ఠక్కున పేలుస్తాడే, అలాంటిది. మా వాళ్ళందరూ దాన్ని ‘కృష్ణ గన్ను’ అంటారు.

నాన్నది అంబాజీపేట దగ్గర చిన్న సైకిల్ షాపు. తీర్థాల సీజన్‌లో మాత్రం షాపుకి తాళం వేసి బూరల బోర్డు ఎత్తుకుని బయల్దేరేవాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంతో మొదలు. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది. మధ్యలో ఊళ్ళ జాతరలు ఎన్నో. మొత్తం మూడు తుపాకులు. రెండు మామూలువి, మూడోది ఇది.

‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971 ఆగస్టులో వచ్చింది. మన దేశంలో మొదటి కౌబాయ్ సినిమా అదేనని పేరు. అప్పటికి నాన్నకి తొమ్మిదేళ్ళు. తర్వాత ఎప్పుడో టూరింగ్ టాకీస్‌లో చూశాడు, ఎన్నిసార్లని అడిగితే చెప్పడు. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజుకి దాన్ని 4కెలో మళ్ళీ వేస్తే హైదరాబాద్‌లో పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. బయటికొచ్చాక, “మన గన్నుకి చుట్టు ఇంకొంచెం పెద్దది పెట్టాల్సిందిరా” అన్నాడు. అంతే, రివ్యూ అయిపోయింది.

అసలు వించెస్టర్ లాంటి రైఫిల్‌లో ఆ లీవర్‌కి బోలెడు పని. కిందకి తోస్తే బోల్టు వెనక్కి జరిగి ఖాళీ తూటా బయటకి ఎగిరిపోతుంది, సుత్తి లేచి నిలబడుతుంది. పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి వెళ్తుంది. మా దాంట్లో? ఏమీ జరగదు. పాత సైకిల్ క్యారేజీ ఊచని చుట్టుగా వంచి, ఒక చివర బోల్టు వేసి, సైకిల్ స్టాండు స్ప్రింగు తగిలించాడు నాన్న. ఆడిస్తే టక్ టక్ మని చప్పుడొస్తుంది. వట్టి షోకు. మా ఆఫీసులో కూడా ఇలాంటి బటన్లు ఉన్నాయి, కానీ వాటి సంగతి ఇక్కడ వద్దు.

నిజంగా పనిచేసే లీవర్ తుపాకీ గొట్టమే. దాన్ని మధ్యకి విరిచి కిందకి వంచితే లోపలున్న పిస్టన్ వెనక్కి జరుగుతుంది, పెద్ద స్ప్రింగు నొక్కుకుని ట్రిగ్గర్ కొక్కేనికి పట్టుకుంటుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం గుండు పెట్టి, గొట్టం మూసి, ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, గాలి గుండుని తోస్తుంది. పిస్టన్ ముందు ఒక తోలు వాసర్ ఉంటుంది, సైకిల్ పంపులో ఉంటుందే, దాని అన్నయ్య లాంటిది. అది మెత్తగా ఉన్నంతకాలం తుపాకీ బతికున్నట్టు. ఎండిందా, గాలి పక్కనుంచి జారిపోయి గుండు బోర్డు దాకా వెళ్ళి సిగ్గుపడి కింద పడుతుంది.

గుండు లేకుండా పేల్చకూడదు. గుండు అడ్డు ఉంటేనే లోపల గాలి బిగిసి పిస్టన్‌కి పరుపులా పనిచేస్తుంది. లేకపోతే ఇనుము వెళ్ళి ఇనుముని గుద్దుతుంది, స్ప్రింగూ వాసరూ రెండూ పాడవుతాయి. గొట్టం విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ అసలు ముట్టుకోకూడదు. గొట్టం ఒక్కసారిగా పైకి లేస్తుంది, మధ్యలో వేళ్ళుంటే నలిగిపోతాయి. ఈ రెండూ నాకు అక్షరాలు రాకముందే వచ్చు.

తీర్థంలో ప్రతివాడూ వేసే డైలాగు ఒకటుంది: “గొట్టం వంకర పెట్టావు కదా బాబాయ్!” నిజం చెప్తాను. కొంచెం వంకరే. కానీ ఎవరూ కావాలని పెట్టలేదు. ఒక్కో దెబ్బకీ ఆ గొట్టాన్నే పట్టుకుని వంచుతాం కాబట్టి మడత దగ్గర పిన్ను అరుగుతుంది. అరిగిన పిన్ను మీద గొట్టం ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది, గురి ఒక వెంట్రుక వాసి కిందకి దిగుతుంది. తెలిసినవాళ్ళు బూర పైఅంచుకి గురి పెడతారు. తెలియనివాళ్ళకి నాన్న ఒక గుండు ఫ్రీగా ఇచ్చి “కొంచెం పైకి కొట్టు” అనేవాడు. అయినా మోసగాడనే పేరు తప్పలేదు. అభిమాన సినిమా టైటిలే కదా, పెద్దగా బాధపడలేదు.

మా ప్రాంతంలో తుపాకీకి అసలు శత్రువు ఉప్పుగాలి. అంతర్వేది అంటే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఒక్క రాత్రి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి గొట్టం మీద వేలిముద్రలన్నీ తుప్పు రంగులో కనిపిస్తాయి. అందుకే ఎంత రాత్రయినా కిరసనాయిలు గుడ్డతో ఒకసారి, మిషన్ ఆయిల్ గుడ్డతో ఒకసారి. కోనసీమ కదా, ఒక ఏడు అమ్మ కొబ్బరినూనె రాసింది. మెరుపు అదిరింది. కనుమ తెల్లవారుజామున చలికి ఆ నూనె సీసాలో పేరుకున్నట్టే ట్రిగ్గర్ సందుల్లో తెల్లగా పేరుకుంది. ఇరవై నాలుగు డిగ్రీల కింద కొబ్బరినూనె గడ్డే కదా. ఎండెక్కేదాకా బేరం లేదు.

అమ్మది చిన్న తప్పు. నాది పెద్దది.

2012లో నేను టెన్త్. అంతర్వేది కల్యాణం రాత్రి, ఇసుక వేస్తే రాలని జనం. కృష్ణ గన్ను దెబ్బ మెత్తబడిందని నాన్న టీకి వెళ్ళినప్పుడు నేనే వైద్యం మొదలెట్టాను. వాసర్‌కి రెండు చుక్కలు వేయాల్సిన మిషన్ ఆయిల్‌ని రెండు మూతలు పోశాను. నొక్కుకున్న గాలి వేడికి లోపలి నూనె అంటుకుంటుందని, డీజిల్ ఇంజను నడిచేది ఆ సూత్రం మీదేనని ఇంజనీరింగ్‌లో చదివాను. ఆ రాత్రి మాత్రం ఢామ్మని చప్పుడు, గొట్టంలోంచి పొగ, జనం చప్పట్లు. మూడో దెబ్బకి లోపల స్ప్రింగు రెండు ముక్కలు.

నాన్న వచ్చి గొట్టం వాసన చూశాడు. “ఎంత పోశావు?” అన్నాడు. చెప్పాను. ఏమీ అనలేదు. ఏడాదిలో పెద్ద రాత్రి, మూడింట్లో ఒక తుపాకీ పోయింది. ఆ డబ్బులు దేనికో నాకు తెలుసు, నా పరీక్ష ఫీజు కూడా అందులోదే.

విరిగిన గన్నుని నాన్న మూల పడేయలేదు. బల్ల ముందుకి తెచ్చి గొలుసుతో కట్టాడు. పిల్లలొచ్చి లీవర్ ఆడించారు, పెద్దలు వాళ్ళ వెనక నిలబడ్డారు. ఆడించినవాళ్ళు ఊరికే పోలేక పక్క తుపాకీతో పది గుండ్లు కొట్టారు. తెల్లారి లెక్క చూస్తే మరీ తక్కువేం రాలేదు. ఏ పనీ చేయని చుట్టు ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది.

ఇంజనీరింగ్‌లో చేరాక మాత్రం, మీ నాన్న ఏం చేస్తారని అడిగితే “బిజినెస్” అనేవాణ్ణి. ఒకసారి క్లాస్‌మేట్లు ప్రభల తీర్థానికి వస్తామంటే ఏదో వంక చెప్పి ఆపేశాను. నాన్నకి తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు.

మొన్న డిసెంబరులో ఫోన్ చేసి, “ఈసారి బోర్డు పెట్టట్లేదురా” అన్నాడు. కారణం అడిగితే ఫోన్ అమ్మకిచ్చాడు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందే ఇంటికెళ్ళాను. షాపులో కృష్ణ గన్ను గొట్టం వంచబోయి నాన్న సగంలో వదిలేయడం చూశాను. భుజం లేవట్లేదు. చూడనట్టే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఇద్దరం దాన్ని విప్పాం. చెప్పేది నాన్న, చేసేది నేను. స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది, వెనక మూత ఊరికే ఊడదీస్తే మొహం మీదకి వస్తుంది. వైస్‌లో బిగించి మెల్లగా వదలాలి. వాసర్ అప్పడంలా విరిగింది. కొత్త తోలు కోసి ఒక రాత్రంతా నూనెలో నానబెట్టి, పొద్దున గట్టిగా పిండి పెట్టాం. పిన్ను లేత్ షాపులో చేయించాం. బయటకి తీసిన స్ప్రింగు పొట్టిగా అనిపించింది. చివర రంపంతో కోసిన గుర్తు.

“రెండు చుట్లు తీసేశాను” అన్నాడు నాన్న. “ఎప్పుడు?” “మొన్నేడు. పిల్లలకి తేలిగ్గా ఉంటుందని.”

పిల్లలెవరూ గొట్టం వంచరు. లోడ్ చేసేది ఎప్పుడూ నాన్నే.

కనుమ నాడు జగ్గన్నతోటలో బోర్డు పెట్టాం. నాన్న స్టూలు మీద, నేను నిలబడి. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే జనమంతా అటు పరుగెత్తారు, తిరిగొచ్చాక మాకు ఊపిరాడలేదు. పదేళ్ళ కుర్రాడొకడు కృష్ణ గన్నే కావాలన్నాడు. గొట్టం వంచి, గుండు పెట్టి, మూసి, బోర్డు వైపు తిప్పి ఇచ్చాను. వాడు ట్రిగ్గర్ జోలికి పోలేదు. ముందు లీవర్ మూడుసార్లు టక్ టక్ మనిపించి నాన్న వైపు చూశాడు.

“తాతా, లోడయిందా?”

“ఆయ్, అయింది. కొంచెం పైకి కొట్టు.”

ఎర్ర బూర పేలింది.

పొద్దుగూకేసరికి లీవర్ బోల్టు మళ్ళీ లూజయింది. లోపలి పిన్నుకి పదేళ్ళు పట్టే అరుగుదల దీనికి ఒక్కరోజులో వస్తుంది. నాన్న జేబులోంచి పది నంబరు పానా తీసి, నేను అడక్కుండానే నా చేతిలో పెట్టాడు.